పన్నెండో పిన్ను

"సున్నా కోడిగుడ్డులా కనిపిస్తోంది బాబాయ్ గారూ."

టైపు చేసే అమ్మాయి ఈ మాట అనేదాకా ఆయన నిలబడే ఉన్నారు. షాపు యజమాని చెప్పినవన్నీ తలూపుతూ విన్నారు. తెర మసగ్గా ఉంది, అక్షరాలు లావెక్కాయి, సాయంత్రానికి కళ్లు లాగుతున్నాయి, ఫార్మాట్ కొట్టాలంటున్నారు, కాదంటే కొత్త సిస్టమ్ కొనమంటున్నారు. సున్నా మాట వినగానే సంచి కింద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"గుడ్డు నిలబడి ఉందా, పడుకుని ఉందా అమ్మా?"

"నిలబడే ఉంది."

"అయితే సగం పని నువ్వే చేసిపెట్టావు."

తెనాలిలో ఒక సందులో ఉన్న డీటీపీ షాపు అది. మా ఊరి గ్రంథాలయం ప్రత్యేక సంచిక పేజీలు అక్కడే కూర్చుతున్నారు కాబట్టి ఆ పూట నేనూ అక్కడున్నాను. షాపులో మూడు సిస్టమ్‌లు. రెండు కొత్తవి. మూడోదాంట్లో పెంటియం ఫోర్, విండోస్ ఎక్స్‌పీ, పేజ్‌మేకర్ 7, అనూ ఫాంట్లు. ఎక్స్‌పీ 2001లో వచ్చింది, 2014 ఏప్రిల్ 8తో మైక్రోసాఫ్ట్ దాన్ని పట్టించుకోవడం మానేసింది. అయినా అలాంటి పెట్టెను పారేయలేని డీటీపీ షాపులు మన దగ్గర ఇంకా ఉన్నాయి. అది పొదుపు కోసం కాదు. యూనికోడ్ రాకముందు కూర్చిన పేజీల్లో పైకి కనిపించేది తెలుగే గానీ, లోపలున్నవి ఇంగ్లీషు అక్షరాల గదుల్లో సర్దిన తెలుగు ముక్కలు. తలకట్టు ఒక గదిలో, ఒత్తు ఇంకో గదిలో. ఆ ఫాంటు, ఆ సాఫ్ట్‌వేర్ ఉన్నచోటే అవి తెలుగు. ఇంకోచోట తెరిస్తే అంతా గజిబిజి. ఇరవై ఏళ్ల శుభలేఖలు, కరపత్రాలు, కవితా సంపుటాలు, మా సంచిక పాత ప్రతులు అన్నీ ఆ ఒక్క పెట్టెలో ఉన్నాయి.

నెల కిందట దాని పిక్చర్ ట్యూబ్ మానిటర్ పోయింది. సెకండ్‌హ్యాండ్‌లో పదిహేడు అంగుళాల చదరపు ఎల్‌సీడీ తెచ్చి తగిలించారు. ఆన్ చేస్తే మొదట తెల్ల అక్షరాలు వచ్చాయి, విండోస్ బొమ్మ వచ్చింది, తీరా డెస్క్‌టాప్ రావలసిన చోట నల్లటి తెర మీద 'అవుట్ ఆఫ్ రేంజ్' అన్న చిన్న డబ్బా నిలిచింది. ఒక కుర్రాడు వచ్చి, ఎఫ్8 నొక్కి, వీజీఏ మోడ్‌లో లేపి, 1024×768 దగ్గర రిఫ్రెష్ రేటు 60 పెట్టి డిస్‌ప్లే తెప్పించాడు. అంతవరకు సరైన పనే. ఈ మానిటర్‌కి తగిన 1280×1024 మాత్రం లిస్టులో కనిపించలేదు. అక్కడ ఆగిపోయి, ఇక ఫార్మాటే దిక్కన్నాడు. ఫార్మాట్ అంటే ఆ షాపుకి ఎంత పనో యజమానికి తెలుసు. అనూ మళ్లీ ఎక్కాలి, పేజ్‌మేకర్ సీడీ దొరకాలి, ప్రింటర్ డ్రైవర్లు దొరకాలి. అందుకే ఈయనకి కబురు పెట్టాడు.

ఆయన వయసు అరవై దాటింది. టీవీలు బాగుచేస్తూ ఈ పనిలోకి వచ్చారు. నలుపు తెలుపు టీవీ వెనక హోల్డ్ మీటలు తిప్పిన తరం. బొమ్మ పైకి దొర్లిపోతుంటే వర్టికల్ హోల్డ్, పక్కకి వాలి గీతలైపోతుంటే హారిజాంటల్ హోల్డ్. మన టీవీకి సెకనుకి 15,625 గీతలు. పంపేవాళ్లు ఏ వేగంతో గీతలు పంపుతున్నారో, అందుకునే పెట్టె సరిగ్గా అదే వేగంతో గీయాలి. కొంచెం తేడా వచ్చినా బొమ్మ నిలవదు. ఆ పాఠం వేళ్లకి ఎక్కినవాడికి కంప్యూటర్ తెర కొత్త విద్యేమీ కాదు. ఐబీఎం 1987లో తెచ్చిన వీజీఏలో 640×480 బొమ్మకి సెకనుకి 31,469 గీతలు, అంటే టీవీకి దాదాపు రెట్టింపు. ఈ ఎల్‌సీడీ కోరుకునే 1280×1024కి 63,981. అంకెలు పెరిగాయి గానీ, ఇద్దరూ ఒకే తాళంలో ఉండాలన్న షరతు మారలేదు.

ఆయన చేసిన మొదటి పని పెయింట్ తెరవడం. షిఫ్ట్ మీట పట్టుకుని, కింద అంకె చూసుకుంటూ, 400 చుక్కల వెడల్పు ఉన్న వృత్తం గీశారు. షాపులో కాగితాలు కొలిచే స్టీలు స్కేలు తీసుకుని తెర మీద పెట్టారు. అడ్డం 132 మిల్లీమీటర్లు. నిలువు 141.

"1024కి 768 అంటే నాలుగుకి మూడు. ఈ తెర ఐదుకి నాలుగు. నాలుగు చుక్కల్ని ఐదు చుక్కల మీద అడ్డంగా సాగదీస్తోంది, మూడు చుక్కల్ని నాలుగింటి మీద నిలువుగా సాగదీస్తోంది. నిలువు సాగుడే ఎక్కువ. అందుకే గుడ్డు నిలబడింది. అదే ఈ బొమ్మని వెడల్పాటి కొత్త మానిటర్ మీద వేస్తే పడుకునేది."

మసకదనానికి కారణం కూడా ఇదే కొలతలో ఉంది. ఎల్‌సీడీ తెరలో చుక్కలు లెక్కపెట్టి అమర్చినవి, అడ్డం 1280, నిలువు 1024. తక్కువా ఉండవు, ఎక్కువా ఉండవు. నాలుగు చుక్కల నలుపుని ఐదు చుక్కలకి పంచాలంటే అంచుల్లో బూడిదరంగు కలపక తప్పదు. ఇంగ్లీషు అక్షరం ఆ బూడిదని కొంత ఓర్చుకుంటుంది. తెలుగు అక్షరం ఓర్చుకోలేదు. థకీ ధకీ తేడా కడుపులో ఒక్క చుక్క. పది పాయింట్ల సైజులో ఆ చుక్క తెర మీద ఒకటో రెండో పిక్సెళ్లు. అది బూడిదలో కలిసిపోతే మిగిలేది ఊహే. ప్రూఫులు చూసేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

తర్వాత ఆయన సెట్టింగుల జోలికి పోలేదు. నాకు ఆయన మీద గౌరవం పుట్టింది ఇక్కడే. రెజల్యూషన్ పోయిందంటే అందరం రెజల్యూషన్ జారుడు మీట దగ్గరికే పరిగెడతాం. ఆయన మై కంప్యూటర్ మీద రైట్ క్లిక్ చేసి, డివైస్ మేనేజర్ తెరిచి, రెండే రెండు పేర్లు చదివారు. గ్రాఫిక్స్ పేరు సరిగ్గా ఉంది, పసుపు గుర్తు లేదు, అంటే డ్రైవర్ ఉన్నట్టే. మానిటర్ల కింద మాత్రం 'డిఫాల్ట్ మానిటర్' అని ఉంది. ఆయన వేలు అక్కడ ఆగింది.

"చూడు నాయనా, ఇక్కడ 'ప్లగ్ అండ్ ప్లే మానిటర్' అని ఉండాలి. డిఫాల్ట్ అంటే వచ్చినవాడెవడో దీనికి తెలియదన్నమాట. బొమ్మ వెళ్తోంది, పేరు మాత్రం రావట్లేదు. మొదటి రోజు అవుట్ ఆఫ్ రేంజ్ అన్నదీ ఇందుకే, ఇవాళ 1280 చూపించనిదీ ఇందుకే."

రెండు ఫిర్యాదులు, ఒకటే మూలం. పాత ట్యూబ్ మానిటర్ మీద కళ్లకి మినుకు తెలియకుండా ఎప్పుడో 85 హెర్ట్జ్ పెట్టుకున్నారు. ట్యూబుకి అది మంచిదే. ఇలాంటి ఎల్‌సీడీలు మామూలుగా 75 దాటితే అందుకోలేవు. కొత్తగా వచ్చింది ఎవరో తెలిస్తే విండోస్ దాని శక్తికి తగిన అంకె వెతుక్కునేది. తెలియలేదు కాబట్టి పాత మనిషే ఉన్నాడనుకుని 85 వేగంతోనే పంపింది. ఆ తెలియకపోవడమే ఇప్పుడు 1280ని లిస్టులోకి రానివ్వలేదు.

తెర తన పేరు చెప్పుకునే ఆ ఏర్పాటు గురించి కాస్త తీరిగ్గా చెప్పాలనిపిస్తోంది. మన బల్లల మీద అంత చక్కగా చెక్కిన వస్తువు మరొకటి ఉందనుకోను. ఆ ఏర్పాటు రాకముందు మానిటర్ గురించిన జ్ఞానమంతా మనిషి బుర్రలో ఉండాల్సి వచ్చేది. 1990లలో లినక్స్ వాడినవాళ్లు మోడ్‌లైన్ అనే అంకెల వరసని చేత్తో లెక్కగట్టి రాసుకునేవారు. దానికోసం ఎరిక్ రేమండ్ రాసిన వీడియో టైమింగ్స్ హౌటూ అనే పత్రాన్ని దగ్గర పెట్టుకునేవారు. లెక్క తప్పితే ఒకే వేగానికి కట్టుబడ్డ పాత మానిటర్లు కాలిపోయే ప్రమాదం ఉందని అందులో హెచ్చరిక కూడా ఉండేది. తెర తయారుచేసే కంపెనీలూ గ్రాఫిక్స్ కార్డులు చేసే కంపెనీలూ కలిసి 1989లో పెట్టుకున్న వెసా అనే సంస్థ 1994లో దీనికి దారి చూపింది. ప్రతి మానిటర్‌లో చిన్న మెమరీ ఐసీ ఒకటి పెట్టి, అందులో 128 బైట్ల పరిచయపత్రం రాయాలంది. దాని పేరు ఎడిడ్.

128 బైట్లు ఎంతో ఊహించడానికి ఒక లెక్క. ఇప్పటి యూనికోడ్ తెలుగులో ఒక్కో గుర్తుకి మూడు బైట్లు కావాలి. అంటే ఆ చోటులో 42 గుర్తులు పడతాయి, ఒక పోస్టుకార్డు మీద రెండు పంక్తులు. అంత చోటులో ఒక మానిటర్ తన పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పాలి. వాళ్లు ఒక్క బిట్టు వృథా పోనివ్వలేదు. మొదటి ఎనిమిది బైట్లు సున్నా, ఆరుసార్లు 255, మళ్లీ సున్నా. ఇక్కడినుంచి మొదలు అని చెప్పే గుర్తు అది. తయారీదారు పేరుకి మూడు ఇంగ్లీషు అక్షరాలు. అక్షరాలు ఇరవై ఆరే కాబట్టి ఒక్కోదానికి ఐదు బిట్లు చాలు, మూడూ కలిపి రెండు బైట్లలో ఒదిగిపోతాయి. పుట్టిన సంవత్సరాన్ని 1990 నుంచి ఎన్నేళ్లన్న లెక్కలో ఒక్క బైటులో పెట్టారు, 2245 దాకా సరిపోతుంది. చివరి బైటు చూస్తే నాకు పాత కిరాణా కొట్టు చిట్టా గుర్తొస్తుంది. 128 బైట్లూ కూడితే మొత్తం 256తో నిశ్శేషంగా భాగింపబడేటట్టు ఆ చివరి అంకె వేస్తారు. దారిలో ఏ బైటు చెడినా కూడిక తప్పుతుంది, చదివేవాడికి వెంటనే తెలుస్తుంది.

అసలు సరుకు 54వ బైటు నుంచి. సున్నా నుంచి లెక్కపెట్టుకోవాలి. 1280×1024 తెరల్లో అక్కడ 48, 42 అన్న రెండు అంకెలు కనిపిస్తాయి. రెండోదాన్ని 256తో గుణించి మొదటిది కలిపితే 10,800. పది కిలోహెర్ట్జ్‌ల లెక్కలో అది 108 మెగాహెర్ట్జ్. అంటే సెకనుకి పది కోట్ల ఎనభై లక్షల చుక్కలు. తర్వాతి బైట్లలో అడ్డం 1280, దాని పక్కన ఖాళీ 408, నిలువు 1024, కింద ఖాళీ 42. ఈ ఖాళీలు తెర మీద కనపడవు. ట్యూబ్ రోజుల్లో ఎలక్ట్రాన్ పుంజం ఒక గీత చివరినుంచి తర్వాతి గీత మొదటికి వెనక్కి రావడానికి ఇచ్చిన వ్యవధి అది. ఎల్‌సీడీలో పుంజమే లేదు. అయినా పాత వాడుక ఉండిపోయింది. అచ్చు పనిలో ఉన్నవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. కాగితం ఎంతైనా అచ్చయ్యే మేర తక్కువే, మార్జిన్ లేకపోతే మిషను కాగితాన్ని పట్టుకోలేదు. ఆ 408లో సింక్ గుర్తుకి ముందు 48 చుక్కల ఖాళీ, గుర్తుకి 112, తర్వాత 248. ముందూ వెనకా ఉన్న ఖాళీలకి టీవీ ఇంజనీర్లు ఫ్రంట్ పోర్చ్, బ్యాక్ పోర్చ్ అని పేరు పెట్టారు. మన మాటలో వీధి అరుగు, పెరటి అరుగు అనుకోవచ్చు.

ఈ పరిచయపత్రం తెర నుంచి పెట్టెకి నడిచేది రెండే తీగల మీద. ఫిలిప్స్ కంపెనీ 1982లో తయారుచేసిన పద్ధతి, ఒక తీగ తాళం వేస్తుంది, ఇంకోటి మాట చెబుతుంది. కలర్ టీవీల్లో చానళ్లు గుర్తుపెట్టుకునే మెమరీ ఐసీ కూడా ఇదే పద్ధతిలో మాట్లాడుతుంది కాబట్టి మా బాబాయ్ గారికి ఇది పాత చుట్టమే. వీజీఏ కేబుల్‌లో పదిహేను పిన్నులు, మూడు వరసలు. మొదటి మూడు పిన్నులు ఎరుపు, ఆకుపచ్చ, నీలం. పదమూడు, పద్నాలుగు సింక్. మాట చెప్పేది పన్నెండు, తాళం వేసేది పదిహేను. బొమ్మకి కావలసిన పిన్నులు వేరు, పరిచయానికి కావలసినవి వేరు. అందుకే పన్నెండోది తెగినా బొమ్మకి రవ్వంత నష్టం ఉండదు, రంగు మారదు, వణుకు రాదు. జబ్బు కనిపించే చోట పుట్టలేదు కాబట్టే నెల రోజులు దొరకలేదు.

ఆయన సిస్టమ్ ఆపించి, కేబుల్ మర విప్పి, బల్బు వెలుతురులో పెట్టి చూశారు. నన్ను దగ్గరికి పిలిచారు. వెడల్పు వైపు పైకి పెట్టి చూస్తే కింది వరసలో ఎడమనుంచి రెండోది పన్నెండో పిన్ను. అది లేదు. ఇంకా దగ్గరగా చూస్తే ఉంది. వంగిపోయి నల్లటి ప్లాస్టిక్‌కి అతుక్కుని పడుకుని ఉంది. ఎవరో కేబుల్‌ని వంకరగా పెట్టి బలంగా నొక్కారు. మిగతా పిన్నులు గదుల్లోకి వెళ్లాయి, ఇది తలుపు దగ్గరే కూలబడింది. మధ్య వరసలో కూడా ఒక గది ఖాళీగా ఉందే అని నేనంటే, "అది తొమ్మిదోది, చాలా కేబుళ్లకి పుట్టుకతోనే ఉండదు. దాన్ని చూసి కేబుల్ పారేసినవాళ్లు ఎంతమందో" అన్నారు.

సంచిలోంచి ఇంజెక్షన్ సూది ఒకటి తీశారు. లావుపాటి సూది, మొన రాయి మీద అరగదీసి చదును చేసింది. టీవీ బోర్డుల మీద ఐసీ కాళ్ల చుట్టూ టంకం విడదీయడానికి చేసుకున్నదట. ముందు బ్లేడు అంచుతో పిన్నుని గోరంత లేపారు. ఆ సందులోకి సూది బోలు నోరు తొడిగారు. పిన్ను సూదిలోకి సగం దాకా వెళ్లాక, సూదిని ఒక్కసారి నిటారుగా లేపలేదు. కొంచెం లేపి ఆగారు, ఇంకొంచెం లేపి ఆగారు, నాలుగైదు విడతలుగా. "ఒకసారి వంగిన రేకు మళ్లీ వంగుతుందిగానీ, మూడోసారికి విరుగుతుంది. దీనికి రెండోసారే మిగిలింది" అన్నారు. పట్టకారుతో పట్టుకుంటే పని తొందరగా అవుతుంది, కానీ పిన్ను మీద గాటు పడి అక్కడే తెగుతుంది. సూది చుట్టూరా సమంగా పట్టుకుంటుంది. నిలబడ్డాక పక్క పిన్నులతో వరస కలిసిందో లేదో ఒక కన్ను మూసి చూసి, సాకెట్‌లోకి నొక్కకుండా ఆనించి, దానంతటది జారేటట్టు పెట్టారు. రెండు పక్కలా మరలు వేలికొసలతో బిగించారు, స్క్రూడ్రైవర్ వాడలేదు.

ఆన్ చేస్తే డివైస్ మేనేజర్‌లో 'ప్లగ్ అండ్ ప్లే మానిటర్'. సెట్టింగ్స్‌లో జారుడు మీట ఈసారి 1280 దాకా వెళ్లింది. అప్లై నొక్కారు. తెర ఒక్క క్షణం నల్లబడి, తేరుకుని, అడిగింది: ఈ మార్పు ఉంచమంటారా? పదిహేను సెకన్లలో పాత స్థితికి వెళ్లిపోతాను.

ఈ చిన్న డబ్బాని నేను వందసార్లు చూసి ఉంటాను, ఆలోచించింది ఆ రోజే. తెర కనపడకుండా పోయే అవకాశం ఉన్న మార్పు ఇది. కనపడని తెర మీద ప్రశ్న అడిగితే మనిషి జవాబెలా ఇస్తాడు? కాబట్టి దీన్ని తయారుచేసినవాళ్లు మౌనాన్ని జవాబుగా తీసుకున్నారు. మిగతా అన్ని చోట్లా మౌనం అంగీకారం అంటాం. ఇక్కడ మౌనానికి అర్థం వద్దని. చీకట్లో చిక్కుకున్న మనిషి ఏమీ చేయకపోయినా, చేయలేకపోయినా, పదిహేను సెకన్లకి వెలుగు తిరిగొస్తుంది. ఎన్నో సాఫ్ట్‌వేర్లు మన తప్పుని తప్పని చెప్పి ఊరుకుంటాయి. ఇది మనం తప్పు చేస్తామని ముందే అనుకుని, ఆ తప్పులోంచి నడిపించుకొచ్చే మెట్టు కట్టి పెట్టింది. అది కూడా పనిచేయని రోజుకి ఎఫ్8 దగ్గర వీజీఏ మోడ్ ఉంచారు. ఏ డ్రైవరూ తెలియకపోయినా, ఏ మానిటరూ పేరు చెప్పకపోయినా 1987 నాటి 640×480 అందరికీ అర్థమయ్యే భాష కాబట్టి.

పని అయిపోయిందని నేననుకున్నాను. ఆయనకి సగం మిగిలే ఉంది. నోట్‌ప్యాడ్ తెరిచి తెరంతా తెల్లగా పరిచారు. ఆ తర్వాతే మానిటర్ కింద ఆటో మీట నొక్కారు. వీజీఏ కేబుల్‌లో చుక్కలు చుక్కలుగా రావు, ఎత్తుపల్లాల ధారగా వస్తాయి. ఆ ధారని ఎక్కడెక్కడ తుంచితే చుక్కలవుతాయో మానిటర్ తనంతట తాను లెక్క కట్టాలి. బొమ్మ అంచులు ఎక్కడున్నాయో తెలిస్తేనే ఆ లెక్క కుదురుతుంది. నల్లటి డెస్క్‌టాప్ మీద ఆటో నొక్కితే అంచు దొరక్క బొమ్మ పక్కకి జరుగుతుంది. గీతకి 1688 ముక్కలు చేయాల్సింది 1680 చేస్తే తెర మీద నిలువు మసక పట్టీలు కనిపిస్తాయి. పట్టీలెన్నో లెక్కపెడితే తప్పెంతో తెలిసిపోతుంది. ఇక్కడ పట్టీల్లేవు.

ఇంకా ఫేజ్ చూడాలి. ఒక్కో చుక్కకి దక్కే కాలం తొమ్మిది నానోసెకన్ల పైచిలుకు. ఆ తొమ్మిదిలో ఏ క్షణాన కొలిస్తే రంగు నిలకడగా ఉంటుందో ఆ జాగా పట్టుకోవాలి. అంచు దగ్గర కొలిస్తే పక్క చుక్క రంగు కలుస్తుంది, అక్షరం వణుకుతుంది. ఆయన నోట్‌ప్యాడ్ పక్కన ఉన్న స్క్రోల్ బార్ గాడిని చూశారు. షాపులో విండోస్ పాత క్లాసిక్ రూపంలోనే ఉంది. అందులో ఆ గాడి బూడిదరంగులా కనిపిస్తుంది గానీ, నిజానికి ఒక చుక్క తెలుపు, ఒక చుక్క బూడిద, చదరంగం గళ్లలా పరిచి ఉంటుంది. ఫేజ్ రవ్వంత తప్పినా ఆ గళ్లు చీమలు పాకినట్టు కదులుతాయి. కదులుతున్నాయి. ఆటో మీట దాదాపు సరిగ్గా పెట్టింది, పూర్తిగా కాదు. మెనూలోకి వెళ్లి ఫేజ్‌ని ఒక్కో అంకే జరిపారు. మూడో అంకెకి చీమలు ఆగాయి. ఇంకో రెండు జరిపితే మళ్లీ బయల్దేరాయి. వెనక్కి వచ్చి, నిలకడగా ఉన్న మేరకి నడిమధ్యన ఆపారు. అంచున ఆపితే రేపు వేడెక్కాక జారిపోతుందట.

మళ్లీ వృత్తం, మళ్లీ స్టీలు స్కేలు. అడ్డం 106కి వెంట్రుకవాసి తక్కువ. నిలువూ అంతే. ఈ తెరల్లో చుక్కకీ చుక్కకీ మధ్య దూరం 0.264 మిల్లీమీటర్లు, అంటే అంగుళానికి తొంభై ఆరు చుక్కలు. విండోస్ కూడా అంగుళానికి 96 అనే లెక్కేస్తుంది. అందుకని పేజ్‌మేకర్‌లో యాక్చువల్ సైజు పెట్టి శుభలేఖ తెరిస్తే, చేతిలో ఉన్న అచ్చు కార్డుని తెర మీద ఆనించి చూసుకోవచ్చు. ఆనించి చూశారు. అంచుకి అంచు సరిపోయింది. డీటీపీ పనికి పదిహేడు అంగుళాల ఈ చదరపు తెర ఇంత బాగా కుదురుతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

వెడల్పాటి మానిటర్ కొనుంటే సరిపోయేదా అని యజమాని అడిగాడు. పాత పెట్టెలకీ 1366×768 తెరలకీ పొత్తు కుదరని కారణం ఆయన ఒక్క మాటలో చెప్పారు: "1366ని ఎనిమిదితో భాగించు." పోదు. పాత గ్రాఫిక్స్ చిప్పులు వెడల్పుని ఎనిమిదేసి చుక్కల కట్టలుగానే లెక్కపెట్టేవి. ఎడిడ్‌లో మామూలు రెజల్యూషన్లు రాసే చోటు కూడా ఎనిమిదితో భాగించిన అంకెనే దాస్తుంది. అందుకే అలాంటి తెరలకి 1360 అనో 1368 అనో దగ్గరి అంకె వచ్చి ఆగేది. ఇంటెల్ పాత చిప్పులున్న పెట్టెల మీద లినక్స్ వాడినవాళ్ల కోసం 915రెజల్యూషన్ అనే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉండేది. మెమరీలో ఉన్న వీడియో బయోస్ నకలులో రెజల్యూషన్ల పట్టికలో అక్కర్లేని వరస ఒకటి చెరిపి, తనకి కావలసిన అంకె రాసేది. కరెంటు పోతే ఆ రాతా పోయేది, మళ్లీ ఆన్ చేసినప్పుడల్లా మళ్లీ రాసేది.

అక్షరాలు ఇప్పుడు చిన్నవయ్యాయని అమ్మాయి అంది. నిజమే. చాలామంది ఇక్కడే వెనక్కి తగ్గి మళ్లీ 1024 పెట్టేసుకుంటారు. ఆయన అప్పియరెన్స్‌లో ఫాంట్ సైజు లార్జ్ చేశారు. మెనూలు, ఫైళ్ల పేర్లు పెద్దవయ్యాయి, చుక్కలు మాత్రం కదల్లేదు. డీపీఐ 120 పెట్టే దారి కూడా ఉంది, కానీ పాత సాఫ్ట్‌వేర్లలో దానివల్ల డబ్బాల్లో మాటలు తెగిపోతుంటాయి, పేజ్‌మేకర్ ఉన్నచోట ఆ జోలికి పోవద్దన్నారు. పేజీ పెద్దగా కావాలంటే జూమ్ ఉండనే ఉంది.

పోయేముందు తెల్ల కాగితం ముక్క మీద 1280, 1024, 60 అని రాసి టేపుతో పెట్టె వెనక అంటించారు. దాని కింద 'మర విప్పి లాగాలి' అని రాశారు. రెండు వందలు తీసుకున్నారు.

అమ్మాయి మా సంచిక తెరిచింది. నెల రోజులుగా తను కూర్చిన పేజీలే, నేను తెర మీద చూసి బాగుందన్న పేజీలే. లోపలి ముఖపత్రం మీద చెయ్యి ఆగింది. షాపులో రంగులు చూసే భూతద్దం తీసి తెరకి ఆనించి చూసి నాకిచ్చింది. గ్రంధాలయం అని ఉంది, థ కడుపులో చుక్క లేదు. వెతికితే ఇంకో రెండు చోట్ల దొరికింది. మూడింటికీ చుక్క పెట్టి, సేవ్ చేసి, మొదటి పేజీ నుంచి మళ్లీ చదవడం మొదలుపెట్టింది.